అతిథులమా, ఇంటివారమా?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత తెలియనివారు మనలో ఉండరు. ఇల్లు కట్టుటలోని కష్టము ఆ సామెతలో చక్కగా చెప్పబడినది. కట్టిన ఇంటిని తరతరములు ఇల్లుగా నిలుపుకొనుటలోని కష్టమును గూర్చి మాత్రము అది ఏమియు చెప్పలేదు. ఆ రెండవ కష్టమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, "మేష్టారూ, ఈ రాష్ట్రంలో మనం అద్దెకున్నవాళ్లం కదండీ. ఇంటివాళ్ల భాష ఒకటి, ఉద్యోగానికి ఇంగ్లీషు ఒకటి, ఈ రెండూ చాలవా? తెలుగు కూడా పిల్లల నెత్తిన ఎందుకండీ?" అని అడిగిరి. ఆయన మాటలో కోపము లేదు, అలసట ఉన్నది. పగలంతయు దుకాణమున నిలిచి, రాత్రి కుమారుని భవిష్యత్తును గూర్చి దిగులుపడు మనుష్యుని ప్రశ్న అది. ఆ పూట మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు.

ఆ దినములలోనే మేము తొమ్మిదవ తరగతి పిల్లలచేత పాత ఇండ్లను గూర్చి వ్యాసములు వ్రాయింపవలెనని తలచి, దేశవిదేశముల ప్రసిద్ధ కట్టడముల చరిత్రలు చదువుచుంటిమి. వానిలో న్యూయార్కు నగరమందలి చెల్సీ హోటలు చరిత్ర ఒకటి. ఆ మేడకును మన బడికిని ఏ సంబంధమును లేదు. అయినను ఆ తండ్రిగారి ప్రశ్నకు సమాధానము మాకు అక్కడనే దొరికినది. కనుక ముందుగా ఆ మేడ కథ చెప్పెదము.

హోటలు అనగానే మన పిల్లలకు ఇడ్లీ, దోసె, కాఫీ గుర్తుకు వచ్చును. ఇక్కడ చెప్పబోవు హోటలు బాటసారి సొమ్ము చెల్లించి ఒక రాత్రియో రెండు రాత్రులో పండుకొని పోవు చోటు. పూర్వము మన ఊళ్లలోని సత్రములు ఇట్టి బాటసారుల కొరకే వెలసినవి. కాని సత్రము ధర్మమునకు, హోటలు లాభమునకు. అయితే చెల్సీ మేడ మొదట హోటలుగా పుట్టలేదు. అది కాపురముల కొరకే కట్టబడిన ఇల్లు.

మన్‌హాటన్ దీవిలో, పశ్చిమపు ఇరువదిమూడవ వీథిలో, 222వ నెంబరున ఈ పండ్రెండు అంతస్తుల ఎర్రయిటుక మేడ నిలిచియున్నది. దీని నిర్మాణము 1883లో ఆరంభమైనది. మరుసటి సంవత్సరము కుటుంబములు దిగసాగెను. దీనిని రూపొందించిన ఫిలిప్ హ్యూబర్ట్ ఫ్రాన్సు దేశమున పుట్టి అమెరికా చేరిన వాస్తుశిల్పి. ఆయన తండ్రియు వాస్తుశిల్పియే. మనుష్యులు ఒక గొప్ప భవనమున కలసిమెలసి జీవింపవలెనని బోధించిన చార్లెస్ ఫూరియే అను ఫ్రెంచి తత్త్వవేత్త భావములయందు ఆ తండ్రికి అభిమానము మెండు.

ఆ కాలమున న్యూయార్కులోని మధ్యతరగతివారు ఒకే కప్పు క్రింద పలు కుటుంబములు ఉండుట పరువుతక్కువగా భావించెడివారు. కాని నేల ధర పెరిగిపోవుచుండగా విడి ఇల్లు కొనుట అందరికిని సాధ్యము కాకుండెను. అందుచేత హ్యూబర్ట్ సహకార పద్ధతిని అమలు జరిపెను. కొన్ని కుటుంబములు సంఘముగా చేరి, తలకొంత మూలధనము వేసికొని, మేడ కట్టించుకొని, తమ తమ వాటాలలో తాము కాపురముండవలెను. కొన్ని వాటాలను అద్దెకిచ్చి, ఆ రాబడిని మేడ ఖర్చులకు వినియోగింపవలెను. గోడలు మిక్కిలి దళసరిగా కట్టిరి. వీథివైపున పూల ఆకృతులు పోతపోసిన ఇనుప బాల్కనీలు అమర్చిరి. పై అంతస్తున చిత్రకారులకు పనిగదులు ఏర్పరచిరి. నడుమనున్న మెట్లవరుస క్రిందినుండి కప్పువరకు పోవును; దానిపై గాజుకప్పు నుండి వెలుతురు దిగును. అందరును ఎక్కి దిగు మెట్లు గనుక అందరును ఒకరినొకరు చూచుకొనక తప్పదు.

ఈ ఏర్పాటు ఇరువది యేండ్లకంటె ఎక్కువ నిలువలేదు. నాటకశాలలు ఆ పేటను విడిచి ఉత్తరదిక్కునకు తరలిపోయెను. నగరపు పైభాగమున క్రొత్త ఇండ్లు విరివిగా లభింపసాగెను. ఆర్థిక మాంద్యములు వచ్చెను. సహకార సంఘము దివాలా తీసెను. 1905లో మేడ హోటలుగా మారినది. 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు ప్రాణములతో బయటపడినవారిలో కొందరు ఇక్కడనే బసచేసిరి. కాలము గడచినకొలది విశాలమైన పాత వాటాలను చీల్చి చిన్న చిన్న గదులుగా మార్చిరి.

ఇక్కడ ఒక విశేషము గమనింపవలెను. వాకిటిమీది బోర్డు మారినది, యజమాని మారెను, గదులు మారెను, కాని కాపురములు ఆగలేదు. ఒక గదిలో రాత్రి వచ్చి ఉదయము పోవు అతిథి. ప్రక్క గదిలో ఏండ్ల తరబడి వండుకొని తినుచున్న సంసారి. 1940వ దశకమున హంగరీ నుండి వలసవచ్చిన డేవిడ్ బార్డ్ తన భాగస్వాములతో కలసి ఈ హోటలును తీసికొనెను. ఆయన కుమారుడు స్టాన్లీ బార్డ్ 2007 వరకు దానిని నడిపెను. అద్దె ఆలస్యమైనచో ఓపిక పట్టుటయందును, కళాకారులు అద్దెకు మారుగా చిత్రములు ఇచ్చినచో కాదనకుండుటయందును ఆయన పేరు పొందినవాడు. అట్టి చిత్రములు క్రింది హాలునందును మెట్ల ప్రక్క గోడలయందును వ్రేలాడుచుండెడివి.

ఆ గదులలో ఉండిపోయినవారి పట్టిక పొడవైనది. అమెరికా నవలాకారుడు థామస్ వుల్ఫ్ తన చివరి యేండ్లలో ఇక్కడ ఉండెను. సంగీతకర్త వర్జిల్ థామ్సన్ 1940 నుండి 1989లో కన్నుమూయువరకు ఇక్కడనే నివసించెను. నాటకకర్త ఆర్థర్ మిల్లర్ 1960వ దశకమున ఇక్కడ కొన్ని యేండ్లు గడపెను. శ్రీలంకలో స్థిరపడిన ఆర్థర్ క్లార్క్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' రచనలో చాల భాగము ఇక్కడ కూర్చుండియే సాగించెను. ఆల్ఫియస్ కోల్ అను చిత్రకారుడు తన జీవితములోని చివరి ముప్పదియైదేండ్లు ఈ మేడలోనే గడపి, 1988లో 112 యేండ్ల వయస్సున మరణించెను. అప్పటికి లోకమున జీవించియున్న పురుషులలో నిర్ధారితముగా అందరికంటె వృద్ధుడు ఆయనయే. హోటలులో ముప్పదియైదేండ్లు ఉన్నవానిని అతిథి అనవచ్చునా? ఆయన ఆ మేడకు యజమాని కాడు. అయినను ఇంటివాడు కాడని ఎవరును అనజాలరు.

మరియొక పేరును ప్రత్యేకముగా చెప్పవలెను. వేల్సు దేశపు కవి డిలన్ థామస్ 1953లో ఈ హోటలులో ఉండగానే జబ్బుపడి, ఆ నవంబరు 9వ తేదీన ఆస్పత్రిలో మరణించెను. ఆంగ్లమున ఆయన కీర్తి గొప్పది. ఆయన తల్లిదండ్రులిద్దరును వెల్ష్ భాష చక్కగా మాట్లాడగలవారు. తండ్రి పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడు. వారు కుమారుని ఆంగ్లముతోనే పెంచిరి. ఆయనకు వెల్ష్ రాలేదు. ఆంగ్లము నేర్పినందుకు ఆ తండ్రిని మేము తప్పుపట్టము. నేర్పుటవలననే ఒక మహాకవి లభించెను. కాని ఇంటిలో ఉన్న రెండు భాషలలో ఒకటి కుమారునికి అందకుండుట కుమారుడు చేసికొన్న నిర్ణయము కాదు. అది పెద్దలు చేసిన నిర్ణయము. తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్క నిమిషము ఆలోచింపవలెనని మా మనవి.

ఇక మేడ విషయమునకు వత్తము. 1966లో న్యూయార్కు నగరము ఈ కట్టడమును కాపాడదగిన చారిత్రక చిహ్నముగా ప్రకటించినది. 1977లో దేశపు చారిత్రక స్థలముల పట్టికలో దీని పేరు చేరినది. 1969లో నగరమున అద్దె స్థిరీకరణ చట్టము వచ్చినది. దీనివలన చాలకాలముగా ఉన్న కిరాయిదారులను ఇష్టము వచ్చినట్లు ఖాళీ చేయించుటకుగాని, అద్దెలు మితిమీరి పెంచుటకుగాని వీలులేకపోయెను.

2011లో మేడ చేతులు మారినది. క్రొత్త యజమానులు అతిథులను చేర్చుకొనుట నిలిపివేసి మరమ్మతులకు పూనుకొనిరి. గోడలమీది చిత్రములను దింపివేసిరి. మరమ్మతులు అనవసరమని మేము అనము. నూరేండ్లు దాటిన మేడకు గొట్టములును తీగెలును మార్చకతీరదు. కాని ఆ పని ఒకటి రెండు సంవత్సరములలో ముగియలేదు. యజమానులు మరల మారిరి. వ్యాజ్యములు నడచెను. ఆ కాలమంతయు మేడలో మిగిలియున్న కుటుంబములు దుమ్ములోను, సుత్తి చప్పుళ్లలోను కాపురములు చేసెను. వారి జీవితమును 'డ్రీమింగ్ వాల్స్' అను పేర 2022లో ఒక చలనచిత్రముగా ప్రదర్శించిరి. ఆ సంవత్సరమే హోటలు మరల తెరువబడినది. అందమైన గదులకు దూరదేశములనుండి యాత్రికులు వచ్చుచున్నారు. పాత కాపురస్థులలో కొందరు తమ తలుపులు మూయకుండ నిలిచిరి.

ఈ కథలో మాకు ముఖ్యముగా తోచినది ఇది. 1966 నాటి ప్రకటన మేడ వెలుపలి రూపమును కాపాడినది. గోడకు వ్రేలాడిన చిత్రములను కాపాడలేదు. అద్దె చట్టము కాపురస్థుని గదిని కాపాడినది. మెట్లమీది పలకరింపును కాపాడలేదు. ఆ పలకరింపు ఉన్నంతకాలము అది ఇల్లు. దానిని కాపాడినవారు, ఆ దుమ్ములోను తమ గదిలో దీపము ఆర్పక కూర్చున్న కొద్దిమంది సంసారులు.

ఇప్పుడు మన బరంపురమునకు వత్తము. 1936 మార్చి 31వ తేదీ రాత్రి మన తాతలు మద్రాసు రాజధానిలో నిద్రించిరి. మరునాటి ఉదయము లేచునప్పటికి ఒరిస్సా రాష్ట్రమున ఉండిరి. మంచము కదలలేదు, ఇల్లు కదలలేదు, అరుగు కదలలేదు. సరిహద్దు మాత్రము కదలినది. ఇచ్ఛాపురము అటుపోయినది, బరంపురము ఇటు వచ్చినది. ఒడియా మాట్లాడు సోదరులు తమ భాషకొక రాష్ట్రము కావలెనని కోరుట న్యాయమే. మన ఆంధ్రులును ఆ కోరికతోనే 1953లో రాష్ట్రము సాధించుకొనిరి. ఇందులో ఎవరిని నిందింపవలసిన పనియు లేదు. కాని చెల్సీ మేడలో వాకిటి బోర్డు మారినంత మాత్రమున లోపలి సంసారి బాటసారి కానట్లే, రాష్ట్రము పేరు మారినంత మాత్రమున మనము అద్దెకున్నవారము కాలేదు. మనము ఎక్కడినుండియో మూట కట్టుకొని నిన్న మొన్న దిగినవారము కాము. ఆ తండ్రిగారికి మా మొదటి సమాధానము ఇది.

చెల్సీ మేడ వాకిట అక్కడ నివసించిన ప్రసిద్ధుల పేర్లు చెక్కిన ఫలకములు కలవు. మన ఊరికిని అట్టి పేర్లు లేకపోలేదు. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగానుండిన వరాహగిరి వెంకటగిరిగారు 1894లో ఇక్కడనే జన్మించిరి. అట్టివారిని స్మరించుట మంచిదే. కాని ఫలకములవలన మాత్రమే ఇల్లు నిలువదు. ప్రసిద్ధుల పేర్లు చదువుకొని సంతోషించి, సాయంకాలము ఇంటిలో పిల్లలతో తెలుగున ఒక్క మాటయు ఆడనిచో ఆ ఫలకములు సమాధులమీది రాళ్లవంటివి.

"సరే, మనము ఇంటివారమే, మన హక్కులను ప్రభుత్వమే కాపాడవలెను" అని కొందరు పెద్దలు చెప్పుదురు. వారి మాటలో నిజమున్నది. కాని సగమే ఉన్నది. మన రాజ్యాంగములోని 29వ అధికరణము భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొను హక్కును ఇచ్చినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలు స్థాపించి నడపుకొనుటకు హక్కు ఇచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సదుపాయములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని ఆదేశించుచున్నది. ఉపాధ్యాయులు లేనిచోట, పుస్తకములు అందనిచోట ఈ అధికరణములను చూపి అడుగుట మన ధర్మము. అడుగుటకు సిగ్గుపడరాదు.

అయితే "ప్రాథమిక దశ" అను మాట గమనింపుడు. చట్టము పిల్లవాని చేయి పట్టుకొని కొంతదూరము మాత్రమే వచ్చును. ఉన్నత పాఠశాల వాకిటివరకు తీసికొనిరావలసినది తల్లిదండ్రులే. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని మేము ఈ బడికి వచ్చిన క్రొత్తలో తరగతిలో బల్లలు చాలక పిల్లలు క్రింద చాపలమీద కూర్చుండెడివారు. నేడు వెనుక వరుస బల్లలమీద దుమ్ము తుడుచుచున్నాము. ఆ బల్లలను ఎవరును బలవంతముగా ఖాళీ చేయింపలేదు. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క సంవత్సరము తనంతట తానే ఖాళీ చేసినది. గది ఉన్నది, హక్కు ఉన్నది, నల్లబల్ల ఉన్నది, కాపురమే తగ్గుచున్నది. కాపురము లేని గదిని ఏదో ఒకనాడు మరియొక పనికి వాడుకొందురు. అప్పుడు వారిని తప్పుపట్టుటకు మనకు నోరు ఉండదు.

ఇక ఒడియా భాష విషయము. తెలుగు నిలువవలెనన్నచో ఒడియా నేర్వరాదని మేము ఎన్నడును చెప్పము. ఒకే మెట్లు ఎక్కి దిగు ఇరుగుపొరుగువారము మనము. పొరుగువారి భాష రానివాడు ఇంటివాడు కాడు, వాడే అతిథి. ఇంటివాడు ఊరి భాషలో బేరమాడును, పండుగకు పలకరించును, కష్టము వచ్చినపుడు కబురంపును. మా విద్యార్థులు ఒడియాలో తప్పులు లేకుండ ఉత్తరము వ్రాయగలిగినపుడు మేము గర్వింతుము. ఆంగ్లమును అట్లే శ్రద్ధతో నేర్వవలెను. ఉద్యోగము నిజము, ఆకలి నిజము. వానిని కాదను ఉపాధ్యాయుని మాట ఎవరును వినరు. అయితే మూడు భాషల నడుమ పెరిగిన పిల్లవానికి మూడును బరువే అని ముందుగానే నిశ్చయించుట న్యాయము కాదు. తెలుగు ఇంట వినుచున్న భాష. దానిని చదువుటకును వ్రాయుటకును కావలసినది దినమునకు అరగంట శ్రద్ధ. డిలన్ థామస్ తండ్రి ఇంటిలో రెండు భాషలు ఉండగా ఒకటే ఇచ్చెను. మనము రెండును ఇచ్చి మూడవదానిని బడిలో నేర్పింతము.

విద్యార్థులారా, మీకొక పని చెప్పుచున్నాము. ఈ సెలవులలో మీ ఇంటి చరిత్ర వ్రాసి తెండు. ఆ ఇల్లు ఎవరు కట్టించిరి? ఎప్పుడు? సొంతమా, అద్దెయా? అందులో మొదట ఎవరు కాపురముండిరి? ముందు వసారా ఉండి తరువాత దుకాణమైనదా? పాత పెట్టెలో తాతగారి ఉత్తరములు ఏ భాషలో ఉన్నవి? అవి మీరు చదువగలరా? అవ్వను అడుగుడు, పొరుగింటి ఒడియా పెద్దలను కూడ అడుగుడు. వారికి తెలిసినది మీ ఇంటివారికి తెలియకపోవచ్చును. అద్దె ఇల్లయినను సంకోచింపకుడు. ఆల్ఫియస్ కోల్ ముప్పదియైదేండ్లు అద్దె చెల్లించియే ఇంటివాడయ్యెను.

తల్లిదండ్రులారా, మీకును ఒక మనవి. మీ అబ్బాయి, మీ అమ్మాయి ఆ వ్యాసము వ్రాయునపుడు ప్రక్కన కూర్చుండుడు. మీకు తెలిసిన సంగతులు తెలుగున చెప్పుడు. ఆ అరగంటలో మీరు పిల్లవాని నెత్తిన బరువు పెట్టినట్లు తోచినచో, రాబోవు సమావేశమున మాతో అనుడు; మేము విందుము. ఆ దుకాణపు తండ్రిగారు తప్పక రావలెను. వారి కుమారుడు వ్రాసిన వ్యాసమును ఆ దినమున వారి ఎదుటనే, వారి కుమారుని నోటనే చదివింపదలచినాము.